తాతగారి గొలుసు గడియారం: విప్పడం, తుడవడం, ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం

సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు కోనసీమ పెంకుటిళ్లలో ఇవి బయటపడుతుంటాయి. పొలం దస్తావేజుల కిందో, పట్టుచీర మడతలోనో, ఇత్తడి మరచెంబు అడుగునో, గుడ్డపేలికలో చుట్టిన జేబు గడియారం. మా పెద్దవాళ్లు గొలుసు గడియారం అనేవారు. దొరికిన వెంటనే ఇంటిల్లిపాదీ చేసే పని ఒకటే. చెవి దగ్గర పెట్టి ఊపడం, తర్వాత బుడిపె పట్టుకుని గిరగిరా కీ ఇచ్చేయడం. దయచేసి ఆ రెండూ చేయకండి. లోపల నూనె ఎప్పుడో జిగురై, ఇసుకలా తుప్పు పొడి పట్టి ఉంటుంది. అందులో చక్రాలను బలవంతంగా తిప్పితే అరిగేవి వెంట్రుకంత ఇరుసులే.

నేను వాచ్ మెకానిక్‌ని కాను. ఇంట్లోవీ చుట్టాలవీ విప్పి, రెండు మూడు పాడుచేసి, తర్వాత నేర్చుకున్నవాణ్ణి. నాకు అర్థమైనంతలో మన డెల్టాలో ఈ గడియారాలు ఊరికే వయసు మీదపడి పోవు. ఒకటి గాలిలో తేమ తినేస్తుంది, రెండోది మన ప్రేమ. ఒక చుక్క కొబ్బరినూనె వేసే ప్రేమ, విభూతితో తళతళా తోమే ప్రేమ. అందుకే కింద చేయాల్సినవాటితో పాటు చేయకూడనివీ చాలానే కనిపిస్తాయి.

ఇంకో మాట. మొదటిసారే తాతగారి వాచీ విప్పకండి. పాత సామాన్ల కొట్లో ఒక హెచ్ఎంటీ జనతా కొనుక్కోండి. కీ ఇచ్చే రకం, ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు 17, లోపలి అమరిక జేబు గడియారానిదే, సైజు మాత్రం చిన్నది. దాన్ని మూడుసార్లు విప్పి బిగించి నడిపించగలిగితే పెద్దదాని జోలికి వెళ్లొచ్చు.

చేతిలో ఉన్నదేమిటి?

ముందు కీ ఎలా ఇస్తారో చూడండి. వెనక మూత తీస్తే లోపలి మూతకి చిన్న రంధ్రాలు కనిపించాయా? అది తాళంచెవితో కీ ఇచ్చే రకం, చాలావరకు పంతొమ్మిదో శతాబ్దపుది. పైనున్న బుడిపె తిప్పితే కీ ఎక్కేది తర్వాతి తరం. ముళ్లు తిప్పే పద్ధతి మళ్లీ మూడు రకాలు. కొన్నింట్లో బుడిపె పైకి లాగాలి. కొన్నింట్లో మెడ పక్కనున్న చిట్టి గుండీని గోటితో నొక్కిపెట్టి బుడిపె తిప్పాలి. అమెరికా రైల్వే రకాల్లో అద్దం చట్రం విప్పి, డయలు అంచున దాగున్న సన్నటి లివరును బయటికి లాగాలి. ఇది తెలియక బుడిపెను పట్టకారుతో పీకి విరగ్గొట్టినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

ముందూ వెనకా వెండి మూతలుంటే అది హంటర్. దాని ముందు మూతను టక్కుమని నొక్కి మూయకూడదు. బుడిపె లోపలికి నొక్కిపట్టి, మూత వాల్చి, అప్పుడు బుడిపె వదలాలి. టక్కు టక్కుమని మూసి మూసి కొక్కెం అరిగిపోయిన హంటర్లే ఎక్కువ.

లోపలి మూత మీద చెక్కిన అక్షరాలు చదవండి. ఏ-ఎన్-సీ-ఆర్-ఈ అని ఉంటే ఫ్రెంచిలో లంగరు, అంటే లివర్ రకం. అటూ ఇటూ దూకుతూ చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే చిన్న చెయ్యే లివర్. బాగుచేయదగ్గది. సిలిండర్ అన్న అర్థం వచ్చే మాట ఉంటే అది 1726లో జార్జ్ గ్రాహమ్ రూపు దిద్దిన పద్ధతి. అందులో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రానికి ఇరుసు బదులు ఒక బోలు గొట్టం ఉంటుంది, సగం కోసేసిన గొట్టం. అది విరిగితే మన దగ్గర చేసేవాళ్లు దొరకడం కష్టం. ఇంకా పాతవాటిలో సైకిల్ చైన్‌ను వందో వంతు చేసినట్టుండే గొలుసు శంకువు మీద చుట్టుకుని కనిపిస్తుంది. అది కనిపిస్తే మూత మూసేసి చూసి ఆనందించండి. మీరూ నేనూ ముట్టుకునేది కాదది.

తర్వాత రాళ్ల లెక్క. 15 అని రాసి ఉంటే లెక్క ఇలా సరిపోతుంది: బ్యాలెన్స్ ఇరుసుకి రెండు చివర్లా రంధ్రం రాయి, మూత రాయి కలిపి 4. దాని అడుగున పొడుచుకు వచ్చే రాయి 1. లివర్ చేతులకు 2, లివర్ ఇరుసుకు 2. లివర్ ఆపి వదిలే ఎస్కేప్ చక్రం, నాలుగో చక్రం, మూడో చక్రాలకు రెండేసి చొప్పున 6. నడిమి చక్రానికీ వేస్తే 17. ఇవి నగలో రాళ్లలా అలంకారానికి కాదు, ఇరుసు అరగకుండా ఉండటానికి. ఏడు రాళ్లదీ చక్కగా నడుస్తుంది. రాళ్ల లెక్క చూసి చిన్నచూపు చూడనక్కర్లేదు.

మన ఇళ్లలో దొరికేవాటిలో వెస్ట్ ఎండ్, ఫేవర్ లూబా పేర్లు తరచూ కనిపిస్తాయి. స్విట్జర్లాండ్ సరుకును బొంబాయి నుంచి అమ్మిన సంస్థలివి. టిక్ టిక్ గది అవతలికి వినపడేంత గట్టిగా ఉండి, బరువుగా, రాళ్లు తక్కువగా ఉంటే అది రాస్కాఫ్ రకం కావచ్చు. 1867లో జార్జ్ ఫ్రెడరిక్ రాస్కాఫ్ కూలివాడు కూడా కొనగల వాచీ చేయాలని పూనుకుని, నడిమి చక్రాన్నే తీసేసి, లివర్‌కు రాళ్ల బదులు ఉక్కు సూదులు పెట్టాడు. పేదవాడి గడియారమని తీసిపారేయకండి. ఆలోచనలో అది మిగతా అన్నిటికంటే తెలివైనది.

వెండి ముద్రలు డబ్బా (గడియారం పైతొడుగు) లోపలి వైపు ఉంటాయి. స్విస్ వాటిలో ఎలుగుబంటి 0.875 వెండికి, గ్రౌస్ పక్షి 0.800 వెండికి గుర్తు. బ్రిటిష్ వాటిలో నడుస్తున్న సింహం ఉంటే 925. ముద్ర లేని తెల్ల లోహం చాలాసార్లు నికెలే. వాల్తామ్, ఎల్గిన్ లాంటి అమెరికా వాచీలైతే మెషిన్ మీద చెక్కిన నంబరు పట్టి తయారైన ఏడాది తేలుతుంది. డబ్బా నంబరు దానికి పనికిరాదు.

అంకెల మీద పచ్చటి లేదా గోధుమరంగు పేస్టు పూసి ఉంటే జాగ్రత్త. 20వ శతాబ్దం తొలి సగంలో చీకట్లో మెరవడానికి వాడింది రేడియం. మెరుపు పోయినా రేడియం పోదు, అందులో సగం తరగడానికే 1,600 ఏళ్లు పడుతుంది. గోకకండి, ఊదకండి, అలాంటి డయలు విప్పకండి.

బల్ల, వెలుతురు, పనిముట్లు

ఫ్యాను ఆపేయాలి. మే నెలలో అది సాధ్యం కాదు కనుక మే నెలలో పని పెట్టుకోవద్దు. వర్షాకాలంలో అసలే వద్దు. విప్పిన ఉక్కు ముక్కల మీద చెమట వేలిముద్ర పడితే రెండ్రోజుల్లో అదే ఆకారంలో తుప్పు లేస్తుంది. నేను మార్గశిరం నుంచి మాఘం దాకా, పొద్దున పూట చేస్తాను. వేళ్లకు రబ్బరు తొడుగులు వేసుకోండి. అంచులున్న ట్రే, దాని మీద తెల్ల కాగితం, ఒడిలో తువ్వాలు. ఎగిరిన స్ప్రింగు ఒళ్లో పడితే దొరుకుతుంది, గచ్చు మీద పడితే దొరకదు.

స్క్రూడ్రైవర్లు 0.8, 1.0, 1.2, 1.6 మిల్లీమీటర్లవి చాలు. మొన స్క్రూ గాడికి నిండుగా సరిపోవాలి. సన్నదైతే జారి గీత పడుతుంది. మంచి పట్టకార్లు రెండు, కంటికి పెట్టుకునే భూతద్దం, రబ్బరు బుడగ ఊదేది, ముళ్లు తీసే చిన్న లివర్ల జత. నోటితో ఊదకండి, తుంపరలు పడతాయి.

రాళ్ల రంధ్రాలు తుడవడానికి విదేశాల్లో ఒక రకం చెక్క పుల్ల వాడతారు. మనకు వెదురు పళ్లపుల్లను బ్లేడుతో సూదిగా చెక్కుకుంటే పని జరుగుతుంది. కొబ్బరి ఈనె ప్రయత్నించాను, పీచు లేచి లోపలే ఇరుక్కుంది. పట్టకారు మొనలూ ఇరుసు కొనలూ శుభ్రం చేయడానికి వాళ్లు వాడే మెత్తటి కాండం గుజ్జుకు మాత్రం మన దగ్గర అంతకంటే మంచిదుంది. పెళ్లి బాసికాలు కట్టే బెండు. ఒక ముక్కలో మొన గుచ్చి తీస్తే నూనె మరక మొత్తం పీల్చేస్తుంది.

మొట్టమొదట కీ దించాలి

ఈ మెట్టు దాటేస్తే మిగతావి చదవడం అనవసరం. స్ప్రింగులో బలం ఉండగా లివర్ తీశారంటే చక్రాలన్నీ ఒక్కసారిగా బర్రున తిరిగి పళ్లూ ఇరుసులూ విరుగుతాయి. నేను పోగొట్టుకున్న మొదటి వాచీ అలాగే పోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

స్ప్రింగు చుట్టి ఉండే బ్యారెల్ పైన పెద్ద పళ్ల చక్రం ఉంటుంది, దాన్ని వెనక్కి తిరగనివ్వకుండా ఆపే చిన్న కొక్కెం ఉంటుంది. బుడిపెను రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని కొంచెం ముందుకు తిప్పి, కొక్కేన్ని పుల్లతో పక్కకు నొక్కి పట్టి, బుడిపెను వేళ్ల మధ్య నెమ్మదిగా వెనక్కి జారనివ్వండి. తాళంచెవి రకమైతే తాళంచెవినే అలా జారనివ్వాలి. బావిలోకి చేంతాడు వదిలినట్టు, చేతిలో పట్టు తప్పకుండా.

"కీ ఎక్కువైపోయి ఆగిపోయింది" అని మనవాళ్లు అంటారు. అలాంటి జబ్బు లేదు. స్ప్రింగు నిండా చుట్టుకుని ఉండి కూడా నడవలేదంటే మురికి పట్టిందనో, ఎక్కడో ఇరుసు విరిగిందనో అర్థం.

విప్పకముందే రోగం కనిపెట్టడం

మెషిన్‌ను డబ్బాలో బిగించే స్క్రూలు సాధారణంగా రెండు. కొన్నింటికి తల సగమే ఉంటుంది. అవి పూర్తిగా తీయనక్కర్లేదు, కోసిన వైపు బయటికి వచ్చేలా అరచుట్టు తిప్పితే చాలు. బుడిపె కాడను పట్టి ఉంచే స్క్రూ కూడా రెండు మూడు చుట్లు వదులు చేస్తే సరిపోతుంది. మొత్తం తీస్తే డయలు కింద ముక్క జారిపోతుంది.

ఇప్పుడు మెషిన్‌ను అటూ ఇటూ మెల్లగా వంచి బ్యాలెన్స్ చక్రాన్ని చూడండి. తేలిగ్గా ఊగి చాలాసేపటికి ఆగితే ఇరుసు బాగున్నట్టే. ఒకవైపు ఒరిగి తూలుతుంటే ఇరుసు కొన విరిగింది. కిందపడిన వాచీలన్నిటిదీ ఇదే కథ. బ్యాలెన్స్‌కు తగిలించిన వెంట్రుకంత సన్నటి హెయిర్ స్ప్రింగు చుట్లు సమదూరంలో ఉన్నాయా, ఒకదాన్నొకటి అంటుకున్నాయా? అంటుకుంటే జిడ్డో అయస్కాంతమో కారణం. చిన్న దిక్సూచి దగ్గర పెట్టండి. సూది కదిలితే అయస్కాంతం ఎక్కింది. స్పీకరు మీదో, అయస్కాంతం ఉన్న ఫోను కవరు పక్కనో పెట్టిన వాచీ గంటకు పది నిమిషాలు పరుగెత్తడం చూశాను. మాగ్నెట్ తీసే చిన్న పెట్టె రెండు క్షణాల్లో నయం చేస్తుంది. మనం అనవసరంగా విప్పుతాం.

విప్పే వరుస

ప్రతి అడుగుకీ ఫోనుతో ఫోటో తీయండి. స్క్రూలను మందుబిళ్లల డబ్బా గదుల్లో వరుసగా వేయండి. ఒకేలా కనిపించే రెండు స్క్రూల పొడవు తేడా ఉంటుంది. పొడవైనది తప్పుచోట పడితే కింది చక్రాన్ని తాకి ఆపేస్తుంది.

ముందు ముళ్లు. డయలు మీద పలచటి ప్లాస్టిక్ కాగితం కోసి పరిచి, రెండు వైపులా లివర్లతో సమంగా లేపాలి. తర్వాత డయలు. అంచులో రెండు మూడు చిన్న స్క్రూలు దాని కాళ్లను పట్టుకుని ఉంటాయి. ఎనామిల్ డయలంటే రాగి రేకు మీద గాజు పొడి కాల్చి అతికించినది. మధ్యలో వేలితో నొక్కితే జుట్టులాంటి చీలికలు వస్తాయి, అవి మళ్లీ అతకవు.

ఆ తర్వాత మెషిన్ తిప్పి, బ్యాలెన్స్‌ను పట్టి ఉంచే పట్టీని విప్పండి. చక్రం హెయిర్ స్ప్రింగుకు వేలాడుతూ పైకి వస్తుంది. ఎత్తగానే తిరగేసి పెట్టండి, గాల్లో వేలాడనివ్వొద్దు. అటుపైన లివర్, చక్రాల పట్టీ, చక్రాలు, చివరగా బ్యారెల్. బుడిపెకు దగ్గరగా ఉండే చిన్న కీ చక్రం స్క్రూ చాలా వాచీల్లో ఎడమ మర. మామూలుగా వదలకపోతే బలం చేయకుండా రెండో దిక్కు ప్రయత్నించండి. ఆ స్క్రూ తల విరిగిందంటే ఆ పూట అన్నం సహించదు.

తుడవడం

లైటర్లలో పోసే నాఫ్తా మంచిది. పెట్రోలు వద్దు, మరక మిగులుతుంది. పూజ దీపం వెలిగే గదిలో ఈ పని చేయకండి. పలకలు, చక్రాలు, స్క్రూలను గాజు గిన్నెలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో తుడిచి, రంధ్రాల్లో వెదురు పుల్ల తిప్పాలి. పుల్ల నల్లగా వస్తుంది, కొన చెక్కి మళ్లీ తిప్పాలి. శుభ్రంగా వచ్చేదాకా అంతే. సగం బాగుచేయడం ఈ పుల్ల తిప్పడంలోనే అయిపోతుంది.

స్పిరిట్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. లివర్ చేతుల రాళ్లూ, బ్యాలెన్స్ కింది రాయీ లక్కతో అతికించి ఉంటాయి. మన గాజుల బజార్లో కరిగించే లక్కే, శుద్ధి చేసినది. అది ఆల్కహాల్‌లో కరుగుతుంది. లివర్‌నూ బ్యాలెన్స్‌నూ స్పిరిట్‌లో నానబెట్టారంటే రాళ్లు ఊడి గిన్నె అడుగున తేలతాయి. ఆ రెంటినీ నాఫ్తాలో ఒకసారి ముంచి తీస్తే చాలు.

వరద నీట మునిగిన వాచీల సంగతి వేరు. 1986 ఆగస్టు వరదలోనో, 1996 నవంబరు తుఫానులోనో తడిసి, "ఎండలో పెట్టాం" అని చెప్పి ఇచ్చినవి చూశాను. పైకి బాగున్నాయి, లోపల ఉక్కంతా ఎర్రమట్టి. నీళ్లలో పడితే ఆరబెట్టడం, బియ్యంలో పెట్టడం చేయకండి. ఉప్పునీరైతే వెంటనే మంచినీటితో కడిగి, అదే రోజు విప్పించండి. ఇంట్లో విప్పలేకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లేదాకా మెషిన్‌ను కిరసనాయిలులో ముంచి ఉంచినా, గాలి తగలనివ్వడం కంటే మేలే.

ఎనామిల్ డయలును విడిగా సబ్బు నీటితో కడగొచ్చు. కట్టుడు పళ్లు శుభ్రం చేసే బిళ్ల నీళ్లలో పెడితే చీలికల్లోని నలుపు తగ్గుతుంది. లోహం డయలు మీద అచ్చు వేసిన అంకెలుంటే నీటి చుక్క కూడా వద్దు, అంకెలే చెరిగిపోతాయి.

స్ప్రింగు, నూనె

బ్యారెల్ మూత తీసి స్ప్రింగును చుట్టు చుట్టుగా, వేలితో అదుముతూ బయటికి రానివ్వండి. పాత నీలి ఉక్కు స్ప్రింగు బయటికి వచ్చాక కూడా చిన్న చుట్టగానే ఉండిపోతే అలిసిపోయినట్టు. మార్చాలి. వెడల్పు, మందం, పొడవు మూడూ కొలవండి. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు "కొంచెం మందంది వేస్తే గట్టిగా నడుస్తుంది" అనుకోవడం. స్ప్రింగు బలం మందానికి ఘనంలో పెరుగుతుంది. 0.18 బదులు 0.20 మిల్లీమీటర్లది వేస్తే బలం సుమారు 37 శాతం ఎక్కువవుతుంది. బ్యాలెన్స్ మరీ ఎక్కువ ఊగి దాని కింది రాయి లివర్‌కు వెనక నుంచి తగులుకుంటుంది, గడియారం పిచ్చి పరుగు తీస్తుంది.

నూనె దగ్గర అమలాపురంలో ఒక పెద్దాయన నాతో అన్న మాట: "ఆయ్, కాటుకలా పెట్టాలండి, తలంటు పోయకూడదు." వాచ్ నూనె తప్ప ఇంకేదీ పనికిరాదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అంటే మన పుష్యమాసపు తెల్లవారుజామున గడియారం ఆగుతుంది. కుట్టుమిషన్ నూనె పాకిపోతుంది. వేగంగా తిరిగే సన్నటి ఇరుసులకు మోబియస్ 9010 లాంటి పలచటిది, నడిమి చక్రానికీ బ్యారెల్ ఇరుసుకూ చిక్కటిది, స్ప్రింగుకు గ్రీజు. రాయి గుంటలో సగమే నిండాలి. చక్రాల పళ్లకు నూనె వద్దు. లివర్ ఇరుసులకూ వద్దు. లివర్ రాళ్ల కొనల మీద మాత్రం ఆవగింజలో పదో వంతు. హెయిర్ స్ప్రింగుకు నూనె అంటిందంటే మళ్లీ మొదటికి.

బిగింపు, పరీక్ష

విప్పిన వరుసకు తలకిందులు. చక్రాల పట్టీ వేసేటప్పుడు ప్రతి ఇరుసు కొనా రంధ్రంలో కూర్చుందో లేదో చూశాకే స్క్రూ బిగించాలి. లివర్ వేయకముందు కీని రెండు పళ్లు మాత్రం ఎక్కించండి. చక్రాలన్నీ నిశ్శబ్దంగా తిరిగి, ఆగేముందు ఎస్కేప్ చక్రం ఒకింత వెనక్కి తిరిగితే దారంతా శుభ్రంగా ఉన్నట్టు. అక్కడే తడబడి ఆగితే బ్యాలెన్స్ వేసి లాభం లేదు, మురికి ఇంకా ఎక్కడో ఉంది.

లివర్ వేశాక పుల్లతో తాకితే ఇటు నుంచి అటు టప్పున దూకాలి. తర్వాత బ్యాలెన్స్. దింపుతుండగానే అది తనంతట తాను ఊగడం మొదలవుతుంది. ఆ క్షణం కోసమే ఈ పాట్లన్నీ.

ఆ కాలపు జేబు గడియారాల్లో ఎక్కువ భాగం గంటకు 18,000 టిక్కులు కొడతాయి, అంటే సెకనుకు ఐదు. టైమ్‌గ్రాఫర్ పెట్టెగానీ, ఫోను యాప్‌గానీ ఆ చప్పుడు విని వేగం చెబుతుంది. వెల్లకిలా పెట్టినప్పుడు బ్యాలెన్స్ ఊపు 250 డిగ్రీలు దాటితే బ్రహ్మాండం. వందేళ్లదానికి 220 వచ్చినా నేను ఇక ముట్టుకోను. వేగం సరిచేసే సూది పక్కన ఎఫ్, ఎస్ అని ఇంగ్లీషులో, లేదా ఏ, ఆర్ అని ఫ్రెంచిలో ఉంటుంది. ఎఫ్, ఏ వైపు జరిపితే వేగం. వెంట్రుక వాసి జరిపి ఒక రోజు చూడాలి. రోజుకు ఒకటి రెండు నిమిషాల తేడాకు బాధపడొద్దు.

ఎక్కడ ఆగాలి, ఎలా దాచాలి

ఇరుసు విరిగినా, హెయిర్ స్ప్రింగు మెలిపడినా, రాయి పగిలినా అక్కడితో ఆపి, పాత మెషిన్లు తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. ఇచ్చేముందు ఫోటోలు తీసుకుని, "మార్చిన పాత ముక్కలన్నీ తిరిగిచ్చేయండి" అని చెప్పండి. ఒకసారి నేను చెప్పలేదు. మా మావయ్యగారి వాచీకి నీలి ఉక్కు ముళ్లు పోయి, మెరిసే నికెల్ ముళ్లు వచ్చాయి. గడియారం నడుస్తోంది, మొహం మాత్రం మావయ్యగారిది కాదు.

డబ్బాను చింతపండుతో, విభూతితో తోమకండి. చెక్కడాల అంచులూ ముద్రలూ అరిగిపోతాయి. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. వెనక మూత లోపల గోటితో గీసినట్టు సన్నటి అంకెలు కనిపిస్తే అవి మురికి కాదు. ఒక్కో మెకానిక్ విప్పినప్పుడు పెట్టుకున్న గుర్తులవి. మా దాంట్లో నాలుగున్నాయి. భూతద్దంతో చదివితే ఆ గడియారం ఎన్ని చేతులు మారి బతికిందో తెలుస్తుంది.

దాచడానికి గాలి చొరని స్టీలు డబ్బా, లోపల సిలికా జెల్ పొట్లాలు. గింజల రంగు మారితే పెనం మీద సన్నసెగన వేయించి మళ్లీ వాడొచ్చు. వాడుకునేటట్టయితే రోజూ పొద్దున ఒకే వేళకు, బుడిపె ఆగేదాకా కీ ఇవ్వండి. పంచె బొడ్లో దోపుకోకండి, చెమట నేరుగా మెషిన్‌లోకి పోతుంది. పైజేబులో, గొలుసు గుండీ కన్నానికి తగిలించి పెట్టుకోండి.

చివరగా ఒక చీటీ రాసి డబ్బాలో పెట్టండి: ఏ తేదీన విప్పారు, ఏ నూనె వేశారు, స్ప్రింగు కొలతలెంత, ఏ స్క్రూ ఎడమ మర. నాలుగైదేళ్ల తర్వాత దాన్ని మళ్లీ విప్పేది మీరైనా, మీ మనవరాలైనా, ముందు వెతికేది ఆ చీటీనే.